రెండు చుట్లు అంచున, ఒకసారి మధ్యన

పొద్దున్నే బుల్‌డోజర్ ఎక్కేముందు ఆర్విల్ పెదనాన్న తన భోజనం డబ్బాలోంచి ఒక ఆపిల్ తీసి నేలమీద పెట్టేవాడు. నడుముమీద చేతులు వేసుకుని దాన్నే చూస్తూ నిలబడేవాడు. అది కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, తర్వాత ఏదో ఒకవైపు దొర్లేది. అది ఎటు దొర్లితే వాన నీళ్లు అటు పోతాయని ఆయన నమ్మకం. చూడడం అయ్యాక ఆ ఆపిల్‌ని ప్యాంటుకు తుడుచుకుని, కొరుక్కుంటూ బండెక్కి ఇంజను వేసేవాడు.

ముప్పై ఎనిమిదేళ్లు ఆయన చేసిన పని గోల్ఫ్ మైదానాలకు నేల తీర్చడం. గట్లు ఎక్కడ లేవాలో, పల్లం ఎక్కడ పడాలో, బంతి చివరికి చేరే ఆ నున్నటి పచ్చిక ఎటు వాలాలో, అన్నీ బుల్‌డోజర్ ముందుండే ఆ ఇనప పారతోనే చేసేవాడు. ఉత్తర కరోలినా కొండల్లో ఆయన చెయ్యి పడని మైదానం తక్కువ. కానీ గోల్ఫ్ కర్ర ఒక్కసారైనా పట్టుకోలేదు. ఎవరైనా ఆడమంటే, "ఇంత చిన్న బంతిని అంత పెద్ద కొండమీద పారేసుకుని రోజంతా వెతుక్కోవాలా? ఇంట్లో నా కళ్లజోడు వెతుక్కోడానికే సరిపోతోంది నాకు" అనేవాడు.

లారెల్ గ్యాప్ అనే కాలనీ కొండమీద ఉంటుంది. పైకి వెళ్లడానికి ఒకటే రోడ్డు, దానికి ఒకటే గేటు. గేటు లోపల అరవై ఇళ్లు, బంతి వేసే గుంటలు తొమ్మిదున్న గోల్ఫ్ మైదానం, రిటైరయ్యి నగరాలనుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. గేటు బయట, కొండ కింద, మేము. అంతకుముందు ఆ కొండ వెనకవైపు లోయ మా తాతది. నిటారు నేల, దున్నితే ఎద్దుకంటే ముందు మనిషే జారిపోయేవాడట. ఒక కంపెనీ వచ్చి అడిగితే తాత సంతోషంగా అమ్మేసి, కింద రోడ్డుపక్కన ఇల్లు కట్టుకున్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. అమ్మినదాన్ని అడగకూడదు, పెట్టినదాన్ని ఎత్తిచూపకూడదు అనేది మా ఇంట్లో మాట. పెదనాన్నకు అది మాట కాదు, ఎముక.

ఆ లోయలో ఒక ఆపిల్ చెట్టు ఉంది. టిల్డీ ముత్తవ్వ పెళ్లయి వచ్చిన ఏడాది నాటింది. ఆ పళ్లు చూడ్డానికి బాగుండవు. గరుకు తోలు, గోధుమరంగు మచ్చలు, ఒకవైపు వంకర. పచ్చిగా కొరికితే చెవులు కదిలేంత పులుపు. ఆ జాతి ఏమిటో ఎవరికీ తెలియదు, ఇంకెక్కడా ఉన్నట్టు కూడా వినలేదు. కానీ ఆపిల్ వెన్నకు వాటిని మించినవి లేవు. పేరుకే వెన్న. పళ్లని రోజంతా గంగాళంలో ఉడికించి చిక్కబరిచే లేహ్యం అది. కంపెనీవాళ్లు మర్యాదస్తులు. ఏటా అక్టోబరు మొదటి శనివారం మా వాళ్లు లోపలికి వచ్చి, ఆ చెట్టుకిందే గంగాళం పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. కాకపోతే పాసు ఉండాలి.

గేటు దగ్గర పాసు అడిగేవాడు డ్యూయీ, ఓసీ పెద్దమ్మ తమ్ముడు.

"బావా, పాసు."

"నేనెవరో తెలీదురా నీకు?"

"తెలుసు. మా అక్క మొగుడివి. కానీ ఈ కాగితంమీద ఆ గడి లేదు."

"నీ పెళ్లికి నీ మెడకి టై కట్టింది నేను."

"ఆ సంగతి గుర్తుచేస్తే పాసున్నా పంపను."

ఇది ఏటా జరిగేది. పెదనాన్న జేబులో పాసు ఉండేది, అయినా ఈ మాటలన్నీ అయ్యేదాకా తీసేవాడు కాదు.

నాకు పన్నెండేళ్లప్పుడు లారెల్ గ్యాప్ పెరగడం మొదలైంది. ఇంకో తొమ్మిది గుంటలు, ఇంకో ఎనభై ఇళ్లు, అన్నీ వెనక లోయలో. నేల తీర్చే పని పెదనాన్నకే వచ్చింది. తాను పుట్టిన లోయలోకి బుల్‌డోజర్ మీద వెళ్లడం ఎలా ఉందని మా నాన్న అడిగితే, "బాగానే ఉంది. చిన్నప్పుడు కొండెక్కలేక ఏడ్చేవాణ్ని, ఇప్పుడు కొండనే జరుపుతున్నా" అన్నాడు. నిజంగానే సంతోషంగా ఉండేవాడు. మళ్లీ తన చిన్నప్పటి వాగు పక్కన కూర్చుని మధ్యాహ్నం తింటున్నాడు మరి.

మైదానానికి నక్షా గీసినాయన పేరు హాల్వర్సన్. నెబ్రాస్కానుంచి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎవరిమీదా గొంతు పెంచని మనిషి. "వాళ్ల ఊరు ఎంత చదునంటే, కుక్క పారిపోతే మూడు రోజులదాకా కనిపిస్తూనే ఉంటుందట" అని డ్యూయీ అందరికీ చెప్పేవాడు. మొదటివారంలోనే ఆయన పెదనాన్న ఆపిల్ పరీక్ష చూశాడు.

"ఆర్విల్ గారూ, ఏం చేస్తున్నారు?"

"నీళ్లెటు పోతాయో చూస్తున్నానండి."

"వాలు కొలిచే నా యంత్రం తూర్పంటోంది."

"ఆపిల్ పడమరంటోందండి."

హాల్వర్సన్ నవ్వాడు. "యంత్రం చాలా ఖరీదైంది తెలుసా?"

"అవునాండీ. దీన్నైతే తినొచ్చు."

గురువారం పెద్ద వాన కురిసింది. నీళ్లన్నీ పడమరగా పోయాయి. శుక్రవారం పొద్దున హాల్వర్సన్ రెండు ఆపిళ్లు పట్టుకుని వచ్చి, ఒకటి పెదనాన్న చేతిలో పెట్టి, రెండోది తాను తిన్నాడు. అప్పట్నుంచి వాళ్లిద్దరికీ కుదిరింది.

ఆగస్టు చివర్లో చెట్లకు రిబ్బన్లు కట్టారు. నీలం కడితే ఉంచే చెట్టు, ఎర్రది కడితే కొట్టేసే చెట్టు. టిల్డీ ముత్తవ్వ చెట్టుకు ఎర్ర రిబ్బన్ పడింది. పదమూడో గుంటకు వెళ్లే పచ్చికబాటకు అది సరిగ్గా నడిమధ్య ఉంది. చెట్లు కొట్టేవాళ్లు అక్టోబరు మొదటి సోమవారం వస్తారని చెప్పారు. అంటే మా గంగాళం శనివారం తర్వాత రెండోరోజు.

పెదనాన్న ఎవరితోనూ ఏమీ అనలేదు. పది, పదకొండు, పన్నెండు పూర్తిచేశాడు. అక్కణ్నుంచి గెంతి పద్నాలుగుకు వెళ్లాడు. పదిహేను, పదహారు కూడా అయ్యాయి.

"పదమూడు ఎప్పుడు మొదలుపెడదాం?" అని హాల్వర్సన్ అడిగాడు.

"నేలింకా తడిగా ఉందండి."

మూడువారాలుగా చుక్క వాన లేదు. హాల్వర్సన్ దుమ్ము పట్టిన తన బూట్లవైపు చూసుకున్నాడు. మళ్లీ అడగలేదు, ఆయనా మర్యాదస్తుడే.

ఇంట్లో ఓసీ పెద్దమ్మ మాత్రం ఊరుకోలేదు.

"ఆయనతో ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"ఏమని? మా నాన్న అమ్మేసిన చెట్టు తిరిగివ్వండనా?"

"తిరిగిమ్మని ఎవరన్నారు? కొట్టొద్దనమంటున్నా."

"రెండూ అడుక్కోవడమేనే."

"అయితే ఇదే చివరి గంగాళం అన్నమాట."

పెదనాన్న గిన్నెలో చెంచా ఆపాడు. నలభై ఏళ్లు కాపురం చేసిన పెద్దమ్మకు ఎక్కడ ఆగాలో తెలుసు. మొక్కజొన్న రొట్టె ఇంకో ముక్క ఆయన పళ్లెంలో వేసి, మామూలుగా అంది:

"సరే, అడగొద్దులే. పాపం ఆయన రోజూ కారులో కూర్చుని ఒక్కడే ఎండు రొట్టె తింటాడు. శనివారం భోజనానికి పిలువు. భోజనానికి పిలవడం అడుక్కోవడం కాదుగా?"

పెదనాన్న ఆ రొట్టె ముక్క తినేశాడు. "కాదు" అన్నాడు చివరికి.

ఆ శనివారం పొద్దున గేటు దగ్గర డ్యూయీ పాసు అడగలేదు. గేటెత్తి చేయి ఊపాడు. అందుకు పెదనాన్నకు కోపమొచ్చింది. "అడగరా! చచ్చినవాళ్లింటికి వచ్చినట్టు చూస్తావేంటి?" అన్నాడు. "పాసు" అన్నాడు డ్యూయీ నీరసంగా. వెనక ట్రక్కులో మేమందరం నవ్వేశాం. డ్యూయీ కూడా నవ్వాడు. అప్పటికిగాని ఆ రోజు మొదలైనట్టు అనిపించలేదు.

ముందురోజు సాయంత్రమే పెద్దమ్మ వాకిట్లో కూర్చుని, పెదనాన్న పనినుంచి వస్తూ తెచ్చిన పళ్లన్నీ తోలుతీసి కోశాం. ఏడుకల్లా నిప్పు రాజుకుంది, రాగి గంగాళం ఎక్కింది. అడుగున ఎప్పటిలాగే మూడు రాగినాణేలు వేశారు. అవి కదులుతూ ఉంటే అడుగంటదని మా వాళ్ల నమ్మకం. కలిపే తెడ్డు ఇద్దరు మనుషులంత పొడుగుంటుంది, మంటకు దూరంగా నిలబడి కలపాలిగా. కలపడానికి పద్ధతి ఉంది. రెండు చుట్లు అంచున, ఒకసారి మధ్యన. మళ్లీ రెండు చుట్లు అంచున, ఒకసారి మధ్యన. అర నిమిషం ఆపినా అడుగంటుతుంది, ఏడాది పళ్లూ మాడు వాసన కొడతాయి.

తెడ్డు మారడానికీ ఒక పద్ధతుంది. చేతులు నొప్పిపుడితే, కలిపేవాళ్లే ఎవరిదో ఒక పేరు పిలవాలి. పిలవకుండా వెళ్లి తెడ్డు అందుకుంటే, నీకు చేతకావడంలేదు అన్నట్టు. అలా ఎవరూ చెయ్యరు. ఇది మా ఊళ్లో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు కాబట్టి, హాల్వర్సన్‌కు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆయన పదింటికి వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో బజారు కేకు పెట్టెతో. అప్పుడు తెడ్డు పట్టుకున్నది పెద్దమ్మ.

"హాల్వర్సన్ గారూ, రండి రండి, మీ వంతు!"

ఆయన ముఖం వెలిగిపోయింది. పెదనాన్న పక్కన నిలబడి నేర్పాడు. "రెండు చుట్లు అంచున, ఒకసారి మధ్యన. ఆపకూడదు. మాడిందంటే మా అమ్మ క్షమించదు. ఆవిడ పోయి ఇరవయ్యేళ్లయింది, అయినా క్షమించదు."

"ఆపను" అన్నాడు హాల్వర్సన్, ప్రమాణం చేస్తున్నట్టు.

ఆపలేదు. పదకొండయింది, పన్నెండయింది. పొగ ఆయన ముఖంలోకి తిరిగినప్పుడల్లా తెడ్డు వదలకుండా పక్కకు జరిగేవాడు. గాలి మళ్లీ మారేది, ఆయన మళ్లీ జరిగేవాడు. గంగాళం చుట్టూ అలా తిరుగుతూనే ఉన్నాడు. చొక్కా చేతులు మడిచాడు. టై తీసి జేబులో కుక్కుకున్నాడు. అద్దాలమీద పొగ మసి పట్టింది. మా వాళ్లందరూ బల్లలు వేసుకుని పంది మాంసం, చిక్కుళ్లు, రొట్టె తింటూ ఆయన్నే చూస్తున్నారు.

"ఎంత ఇష్టంగా కలుపుతున్నాడో చూడు."

"ఎవర్నీ పిలవట్లేదు. గట్టిమనిషి."

"చదునుదేశంవాళ్లని తక్కువ చెయ్యకూడదే."

"ఆయన పళ్లెం మూతపెట్టి ఉంచు, పాపం ఆకలేసినప్పుడు తింటాడు" అంది పెద్దమ్మ.

పెదనాన్న మాత్రం ఆయన్ని చూడడంలేదు. చెట్టుకున్న ఎర్ర రిబ్బన్ గాలికి కొట్టుకుంటుంటే అటు చూస్తున్నాడు, తల తిప్పుకుంటున్నాడు. పళ్లెంలో తిండి అలాగే ఉంది.

ఒంటిగంట దాటాక డ్యూయీ భోజనానికని గేటుదగ్గర్నుంచి వచ్చాడు. హాల్వర్సన్‌ను చూసి ఆగిపోయాడు.

"ఈయన్ని ఎవరు కట్టేశారే ఇక్కడ?"

అందరూ అటు తిరిగారు.

"అయ్యా, మీరు పొద్దుట్నుంచీ ఇదే పనిమీదున్నారా?"

"మూడు గంటల పదినిమిషాలు" అన్నాడు హాల్వర్సన్. చెయ్యి మాత్రం ఆగలేదు. "ఇది అతిథి చివరిదాకా కలిపే ఆచారం అనుకున్నాను. మధ్యలో ఇచ్చేస్తే మీకు అవమానమేమోనని..."

"అయ్యో దేవుడా!" పెద్దమ్మ లేచి నిలబడింది. "మీకు సరదాగా ఉందేమో, మధ్యలో లాక్కుంటే బాధపడతారేమో అని మేమనుకుంటున్నాం!"

పెద్దమ్మ, హాల్వర్సన్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత నవ్వు మొదలైంది. డ్యూయీ బల్లమీద తల పెట్టేసి నవ్వాడు. పెద్దమ్మ ఏప్రన్‌తో కళ్లు తుడుచుకుంది. ఆ రోజంతా నవ్వని పెదనాన్న కూడా నవ్వాడు, పొట్ట పట్టుకుని. అందరికంటే ఎక్కువ నవ్వింది హాల్వర్సనే, కలుపుతూనే, రెండు చుట్లు అంచున, ఒకసారి మధ్యన.

"పిలవండయ్యా ఎవర్నో ఒకర్ని!" అని అరిచాడు డ్యూయీ.

"ఆర్విల్ గారూ" అని పిలిచాడు ఆయన.

పెదనాన్న వెళ్లి తెడ్డు అందుకున్నాడు. హాల్వర్సన్ అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. పెద్దమ్మ వాటికి పాల వెన్న రాస్తుంటే, ఆయన పళ్లెంవైపు కాకుండా చెట్టువైపు చూస్తున్నాడు.

"ఈ చెట్టు ఎవరు నాటారు?"

"మా నాయనమ్మ" అన్నాడు పెదనాన్న.

"ఈ గంగాళంలో ఉన్నవి దీని పళ్లేనా?"

"అవునండి."

"నేను దీనికి ఎర్ర రిబ్బన్ కట్టించాను."

పెదనాన్న కలుపుతూనే ఉన్నాడు. నిప్పులో కట్టె చిటపటలాడింది.

"చలికాలంలో, ఆకులు లేనప్పుడు తీసిన ఫొటో చూసి కాగితంమీదే తేల్చేశాను" అన్నాడు హాల్వర్సన్. "దీని పక్కన ఒక్కరోజైనా నిలబడలేదు. ఇవాళ పొగ నన్ను దీని కింద ఓ ఇరవైసార్లు తిప్పింది. మీరెందుకు చెప్పలేదు?"

"అమ్మినదాన్ని మేం అడగమండి."

హాల్వర్సన్ తలూపాడు. లేచి, చెట్టు దాటి, ఎడమపక్క గట్టుదాకా నడిచి, అక్కణ్నుంచి వెనక్కి తిరిగి చూశాడు. వచ్చేటప్పుడు ఆయన నడక మారిపోయింది, పెద్ద పెద్ద అంగలు.

"మీరు అడగరు, సరే. నేనేమీ అమ్మలేదు కాబట్టి నేను అడగొచ్చు. బంతి మొదట కొట్టే చోటుని ఆ గట్టుమీదకి మారుస్తాను. చెట్టు మధ్యలోనే ఉంటుంది. కొట్టేవాడు దానికి కుడిగా పోవాలా, ఎడమగా పోవాలా తేల్చుకోవాలి. నేను గీసిన తిన్నటి బాటకంటే ఇదే మంచి ఆట. కానీ పైనుంచి వచ్చే నీళ్లు దీని వేళ్లలో నిలిచిపోతే రెండేళ్లలో చచ్చిపోతుంది. నీళ్లని పక్కకి తిప్పేలా మీరు నేల తీర్చగలరా?"

"డ్యూయీ!" అని పిలిచాడు పెదనాన్న. తెడ్డు డ్యూయీ చేతికి వెళ్లింది.

ఆయన డబ్బా వెతికాడు. ఆపిల్ లేదు. ఆ రోజు అన్నీ గంగాళంలోనే ఉన్నాయి. పైకి చూశాడు. చెట్టు చిటారుకొమ్మన ఎవరికీ అందని పండొకటి మిగిలింది. కర్రతో తట్టి రాల్చి, చెట్టుకు పైవైపున నేలమీద పెట్టాడు. వంకర పండు. ఎప్పుడూ దొర్లించడానికి పనికిరాదని ఆయనే అనేవాడు. అది అటూ ఇటూ ఊగింది, ఒకసారి ఆగింది, తర్వాత కుంటుకుంటూ నేరుగా మొదలుదాకా దొర్లి వేరుకు తగిలి ఆగింది.

"ఇప్పుడైతే నీళ్లు వేళ్లలోకే వస్తాయి" అన్నాడు పెదనాన్న. "ఇక్కణ్నుంచి అక్కడిదాకా మోకాలెత్తు గట్టు లేపితే రెండుపక్కలా చీలిపోతాయి. తీరుస్తానండి." వంగి పండు చేతిలోకి తీసుకుని, ఇంకోసారి అన్నాడు: "తీరుస్తా."

హాల్వర్సన్ వెళ్లి ఎర్ర రిబ్బన్ విప్పేశాడు. కట్టడానికి నీలం రిబ్బన్ లేదు. పెద్దమ్మ తన ఏప్రన్‌కున్న నీలం పట్టీ చింపి ఇచ్చింది. సోమవారం చెట్లు కొట్టేవాళ్లు వచ్చి, చిన్న చిన్న పువ్వులున్న ఆ పట్టీని చూసి, ఇదేం గుర్తో తెలియక గేటుకు ఫోన్ చేశారట. "అది మా అక్క ఏప్రన్. ధైర్యముంటే ముట్టుకోండి" అని డ్యూయీ ఫోన్ పెట్టేశాడు.

మంగళవారానికల్లా పదమూడో గుంట దగ్గర నేల ఆరిపోయింది. రెండు ఇళ్ల స్థలాలు ఇరవై గజాలు వెనక్కి జరిగాయి. దానికి కంపెనీని ఒప్పించే బాధ్యత హాల్వర్సన్ తీసుకున్నాడు, రెండు సీసాల ఆపిల్ వెన్న వెంట పెట్టుకుని వెళ్లి. చివరిరోజు పెదనాన్న పదమూడో పచ్చికకు నేల నునుపు చేస్తుంటే చూడ్డానికి వెళ్లాను. బుల్‌డోజర్ అంచు వెంట రెండు చుట్లు తిరిగింది, తర్వాత నడిమధ్యగా ఒకసారి వెళ్లింది. మళ్లీ రెండు చుట్లు, మళ్లీ మధ్యన. హాల్వర్సన్ గట్టుమీద నిలబడి, లేని తెడ్డును తిప్పుతున్నట్టు చేతులు కదిలించాడు.

ఇప్పుడు లారెల్ గ్యాప్‌లో నూట నలభై ఇళ్లున్నాయి. అక్టోబరు మొదటి శనివారం వాళ్లంతా గోల్ఫ్ బండ్లలో ఖాళీ సీసాలు వేసుకుని వస్తారు. గంగాళాలు మూడయ్యాయి. తెడ్డు చేతిలోకి తీసుకున్న కొత్తవాళ్లకు ముందుగా చెప్పే మాట, అలిసిపోతే ఒక పేరు పిలవమని. ఆ చెట్టుకు బంతి తగిలితే, "టిల్డీకి ఇచ్చొచ్చా" అంటారు ఆడేవాళ్లు. ఒక ముసలి దంతాల డాక్టరైతే వారానికి రెండుసార్లు ఇచ్చొస్తాడు.

పెదనాన్నకు డెబ్బై నాలుగు. మోకాలు ఆపరేషన్ తర్వాత బుల్‌డోజర్ ఎక్కడం మానేశాడు. సోమ, బుధ, శుక్రవారాల్లో పదమూడో గుంట దగ్గర గడ్డికోసే బండి నడుపుతాడు.